వరస చివర బడి

కొంటా పల్లెల్లో ఆట నేర్పే మాస్టారు లేడు. తొంభై ఏళ్ల కిందట న్యూయార్క్ స్వింగ్ హాల్లోనూ లేడు. రెండుచోట్లా జనం బ్రహ్మాండంగా ఆడారు. మరి నేర్పిందెవరు?

ఆ పిల్లకి ఆరేళ్లుంటాయేమో. ఒక చేతిలో సగం తిన్న తునికి పండు. ఇంకో చెయ్యి ఖాళీ. పెళ్లి పందిరి ముందు పాతికమంది ఆడవాళ్లు వరస కట్టి ఆడుతున్నారు. వరస కొడవలిలా వంగి మెల్లగా తిరుగుతోంది. పిల్ల దాని చివరికి పరుగెత్తింది. అందలేదు. వరస ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా నిలబడి మళ్లీ ఉరికింది. ఈసారి చివరి ఆవిడ వేళ్లు దొరికాయి.

ఆవిడ కిందికి చూడలేదు. అడుగు తగ్గించలేదు. ‘ఇలా వెయ్యి’ అనలేదు. పిల్ల చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంది. వరస వంగినప్పుడు పిల్ల లేచింది, లేచినప్పుడు వంగింది. అందరూ కుడికాలు వేస్తే తను ఎడమకాలు వేసింది. ఒకసారి పూర్తిగా గాల్లోకి లేచి కింద పడబోయి, ఆ చేతి పట్టు మీదే నిలబడింది. డోళ్లు మోగుతూనే ఉన్నాయి. పది నిమిషాలు గడిచాక చూద్దును కదా, పిల్ల మోకాళ్లు అందరి మోకాళ్లతోపాటే వంగుతున్నాయి. తనకది తెలిసినట్టు కూడా లేదు. ఇంకో రెండు చుట్లు తిరిగి, విసుగొచ్చి, చెయ్యి వదిలేసి తునికి పండు పూర్తిచేసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆవిడ నీళ్లు తాగడానికి పక్కకొచ్చినప్పుడు అడిగాను, పిల్లలకి ఆట ఎవరు నేర్పుతారమ్మా అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ‘ఆట నేర్పేదేంది సారూ?’ అంది. అని నవ్వేసి మళ్లీ వరసలో దూరింది.

నిజమే. మన భాషలోనే ఉంది ఆ తేడా. నాట్యం నేర్చుకుంటాం, ఆట ఆడతాం. నాట్యానికి గురువు, గజ్జె పూజ, అరంగేట్రం ఉంటాయి. ఆటకి వాకిలి ఉంటే చాలు. గోలీలాటకీ కోలాటానికీ తెలుగువాడు ఒకటే మాట వాడుకున్నాడంటే అది పేదరికం కాదు, ఆ రెండూ ఒకే తీరులో వస్తాయని ఎరిగినతనం.

*మూడు నీళ్ల ఊరు*

కొంటా ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొస. సుక్మా జిల్లాలో శబరి ఒడ్డున ఉంటుంది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా వెళ్తే దాదాపు 70 కిలోమీటర్లు. జాతీయ రహదారి 30 ఊళ్లోంచే జగదల్‌పూర్ వైపు సాగుతుంది. ఊరికి దగ్గర్లో సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. ఆ కలిసేచోట ఒడిశా వాళ్ల మోటు, ఇటు ఆంధ్ర, అటు ఛత్తీస్‌గఢ్. బోర్డులు హిందీలో, బేరాలు తెలుగులో. సంతలో తెలుగు, దోర్లి, గోండి, హల్బీ, హిందీ అన్నీ ఒకే తక్కెడలో పడతాయి. పోలవరం నీళ్లు నిలిస్తే ఈ ఊరు ఎంతవరకు మునుగుతుందన్నది రాష్ట్రాల మధ్య ఎడతెగని పేచీ.

చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువమంది దోర్లలు. మన కోయల్లో ఒక శాఖే. ‘దొరల’ అన్న మాటే దోర్ల అయిందంటారు. 2014లో చింతూరు, కూనవరం మండలాలు తెలంగాణ ఏర్పాటు వేళ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గనక కోయవాళ్లకిప్పుడు అక్క ఒక రాష్ట్రంలో, చెల్లెలు ఇంకో రాష్ట్రంలో, మేనత్త మూడో రాష్ట్రంలో. పెళ్లికి మాత్రం అందరూ ఒకే వరసలో నిలబడతారు.

ఆ వరసను కాస్త దగ్గరగా చూడండి. ప్రతి మనిషీ రెండు చేతులూ పక్కవాళ్ల వెనకనుంచి చాచి, అవతలి మనిషి చేతిని అందుకుంటుంది. అంటే నా చేతిలో ఉన్నది నా పక్కావిడ చెయ్యి కాదు, ఆమె తర్వాత ఆవిడది. నాకు అటూ ఇటూ ఉన్నవాళ్ల నడుములు నా మోచేతులకు ఆనుకుని ఉంటాయి. ఒకరు వంగితే ఆ బరువు ముగ్గురికి తెలుస్తుంది. తప్పడుగు వేయాలన్నా అంత తేలిక కాదు, వరస వేయనివ్వదు. అడుగు మాత్రం పెద్ద చిక్కేం కాదు. పక్కకి రెండు, ముందుకొకటి, ఒక చిన్న వంగు, వెనక్కి. కాగితం మీద రాస్తే రెండు పంక్తులు కూడా పట్టదు. అది ఒళ్లంతా పట్టి ఊపు అవడంలోనే ఉంది పనంతా.

నేనూ ప్రయత్నించాను. చివర నిలబెట్టారు, ఆరేళ్ల పిల్లని నిలబెట్టిన చోటే. కాళ్లకేసి చూసుకున్నంతసేపూ తప్పాను. చూడ్డం మానేశాక కాస్త నయం. కనీసం నవ్వేవాళ్లు తగ్గారు.

చివరి చోటుకి ఒక సౌకర్యం ఉంది. అక్కడ ఒకవైపే పట్టు. నువ్వు తప్పితే ఒక్కరికే ఇబ్బంది, వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు. కాస్త కుదిరాక ఎవరో నీ అవతలికొచ్చి పట్టుకుంటారు, నువ్వు లోపలికి జరిగినట్టే. అలా జరుగుతూ జరుగుతూ ఏళ్లకి మధ్యలోకొస్తావు. పాట తెలిస్తేనే ఇంకా ముందుకి. రేలా పాట ఒక జత ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ఎత్తుకునే జత దగ్గరే వరస పగ్గాలుంటాయి. అంటే ఈ బడిలో తరగతులున్నాయి, పరీక్షలున్నాయి, పై తరగతికి పంపడం కూడా ఉంది. లేనిది ఒక్క మాస్టారే.

ఇదంతా మెత్తగా జరుగుతుందనుకోకండి. పాతికేళ్లొచ్చి కూడా అడుగు కుదరనివాళ్లని పాటలోనే ఆటపట్టిస్తారు. పేరు పెట్టకుండానే, అందరికీ తెలిసేలా. సిగ్గు కూడా ఇక్కడ ఒక పాఠమే.

మగపిల్లల చదువు వేరు. వాళ్లది డోలు. పొడుగాటి, రెండు మూతుల, మెడకి వేలాడే బరువైన డోలు. అది ఎత్తే వయసు రాకముందు ఖాళీ నూనె డబ్బా. పెద్దవాళ్లు వాయిస్తుంటే పదేళ్ల కుర్రాళ్లు ఇద్దరు దూరంగా డబ్బాలు కొడుతున్నారు. ఎవరూ మందలించలేదు, మెచ్చుకోలేదు. తాళం తప్పినప్పుడు మాత్రం పెద్ద డోలాయన ఒక్కసారి అటు తల తిప్పాడు. అంతే.

పండగ రోజు డోలుకి తోడు కొమ్ములు. అడవిదున్న కొమ్ముల తలపాగా, నెమలి ఈకల కుచ్చు, ముఖం మీద వేలాడే గవ్వల వరసలు. మనవైపు కొమ్ము కోయ నృత్యమని, పెర్మకోక్ ఆట అని అంటారు. బస్తర్ మారియాల్లో ఆడవాళ్ల చేతిలో తలన ఇనుప గలగలలున్న కర్ర ఉంటుంది, దాన్ని నేలకి గుచ్చుతూ ఆడతారు. 1938లో ‘ద మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ రాసిన గ్రిగ్సన్ దొరకి ఆ కొమ్ములు ఎంత నచ్చాయంటే దండామి మారియాలకి ‘బైసన్ హార్న్ మారియా’ అని పేరే పెట్టేశాడు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత కొత్త కొమ్ములు న్యాయంగా దొరికే దారి లేదు. తాతల నాటివే చేతులు మారుతుంటాయి. ఆ కొమ్ములు పెట్టుకున్నవాడికి ఆట కాళ్లకన్నా ముందు మెడకి రావాలి. పొగరుబోతు దున్నల్లా ఇద్దరు ఎదురెదురుగా కుమ్ముకునే ఘట్టంలో మెడ తిరగకపోతే తాత ఆస్తి విరుగుతుంది.

*సవాయ్ హాల్లోనూ ఇదే కథ*

ఊపు అన్న మాటకి ఇంగ్లీషువాడు స్వింగ్ అన్నాడు. 1926 మార్చిలో న్యూయార్క్ నల్లజాతివారి పేట హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ అనే హాలు తెరిచారు. లెనాక్స్ అవెన్యూ మీద 140వ వీధి నుంచి 141వ వీధి దాకా మొత్తం అదే. లోపల రెండు బ్యాండు వేదికలు. ఒక బ్యాండు ఆపితే ఇంకోటి అందుకునేది, ఆట ఆగేది కాదు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడగలిగిన అరుదైన చోటు. అక్కడ పెరిగిన జంట ఆట పేరు లిండీ హాప్. స్వింగ్ డాన్సుల్లో చాలావాటికి తల్లివేరు అదే.

ఆ ఆటలో మహారథి ఫ్రాంకీ మానింగ్. 1914లో ఫ్లోరిడాలో పుట్టి చిన్నప్పుడే హార్లెమ్ చేరాడు. తల్లికి ఆటంటే ప్రాణం. కొడుకుని చూసి మాత్రం నువ్వు మరీ కొయ్యలా ఉన్నావు, నీకు ఆట రాదు పొమ్మంది. కుర్రాడు గదిలో తలుపేసుకుని చీపురు కర్రతో, కుర్చీతో జంట కట్టి ఆడాడు. గురువెవరూ లేరు. కానీ మెట్లున్నాయి. కుర్రకారు వెళ్లే అల్‌హంబ్రా హాలు ఒకటి. అక్కడ కుదురుకుంటే రెనయ్‌సాన్స్ హాలు. ఆపైన సవాయ్. సవాయ్‌లోనూ ఒక మూల ఆరితేరినవాళ్లకే. ఆ మూలలో అడుగుపెట్టే దమ్ము రావడానికి ఏళ్లు పట్టేది. కొంటా వరసలో చివరినుంచి మధ్యకి జరగడానికి పట్టినట్టే. 1935లో ఒక పోటీలో మానింగ్ తన జోడీని వీపు మీదుగా గాల్లోకి తిప్పి కింద దించాడు. లిండీ హాప్‌లో గాలి అడుగులు అక్కడ మొదలు.

అదే కాలంలో, అదే ఊళ్లో, ఆట నేర్పే వ్యాపారం ఇంకోవైపు నడిచింది. ఆర్థర్ మర్రే అనే ఆయన పాదాల గుర్తులు అచ్చేసిన కాగితాలు పోస్టులో అమ్మాడు. నేలమీద పరుచుకుని వాటిమీద అడుగులు వేసుకుంటూ పోవడమే. తర్వాత దేశమంతా స్టూడియోలు పెట్టాడు. నవ్వుకోవడం తేలిక గానీ, వరసలో చోటు లేనివాళ్లకి, చెయ్యి అందించేవాళ్లు లేనివాళ్లకి ఆ కాగితమే దిక్కయింది. లక్షలమంది దానివల్లే లేచి నిలబడ్డారు. కాకపోతే కాగితం మీద పాదాలుంటాయి, వాటి మధ్య ఉండే ఊపు ఉండదు.

యుద్ధం వచ్చింది, సంగీతం మారింది. 1958లో సవాయ్ మూతపడింది, తర్వాత కూల్చేశారు. మానింగ్ 1950ల్లోనే పోస్టాఫీసు ఉద్యోగంలో చేరి ముప్ఫై ఏళ్లు అక్కడే చేశాడు. 1980ల్లో పాత సినిమాలు చూసి పిచ్చెక్కిన కుర్రాళ్లు సవాయ్ వాళ్లని వెతుక్కుంటూ వచ్చారు. స్వీడన్‌వాళ్లు అల్ మిన్స్ అనే ఇంకో పాత ఆటగాణ్ని పట్టారు. ఆయన 1985లో పోయాడు. 1986లో కాలిఫోర్నియానుంచి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ అనే ఇద్దరు మానింగ్ దగ్గరకొచ్చి నేర్పమన్నారు.

ఇక్కడ వస్తుంది అసలు చిక్కు. డెబ్బై దాటిన మనిషి. తను ఎప్పుడూ ఎవరిదగ్గరా పాఠంగా నేర్చుకోలేదు. ఇప్పుడు ఎదుట కూర్చున్నవాళ్లు నోటు పుస్తకాలతో అడుగుతున్నారు, ఎన్నో లెక్కకి ఏ కాలు? ఆయన ఆ ఆటని లెక్కల్లో ఎప్పుడూ పెట్టుకోలేదు. తన కాళ్లు ఏం చేస్తున్నాయో తనే కొత్తగా చూసుకోవాల్సి వచ్చింది. ఆయన పట్టుకున్న దారి చూస్తే మన డోలువాళ్లు నవ్వుతారు, ఇందులో కొత్తేముందని. నోటితో దరువు పాడాడు. లెక్క చెప్పే బదులు శబ్దం చెప్పాడు. బ్యాండులో బాకా ఎలా అరుస్తుందో అలా నోటితో అని, ఆ అరుపు దగ్గర కాలు పడాలన్నాడు.

లిండీ హాప్ ఎనిమిది లెక్కల అడుగుని మన నోట్లోకి మార్చితే ‘తక తకిట తక తకిట’ దగ్గరికొస్తుంది. రెండు నింపాది అడుగులు, మూడు గబగబా. కూచిపూడి పిల్ల ఎవరైనా రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. పట్టలేనిది ఆ తర్వాతిది. తకిటలో మొదటి త కాస్త సాగాలి, నడిమి కి కాస్త వెనకబడి పడాలి. ఆ సాగుడుకి గుర్తు లేదు, అంకె లేదు. ఊయల పైకెళ్లి ఒక్క క్షణం ఆగి దిగుతుందే, అది.

స్వింగ్ నేర్పేవాళ్లలో ఈనాటికీ రెండు తెగలు. లెక్కలవాళ్లు, పాటవాళ్లు. లెక్కలవాళ్ల తరగతిలో గంటలో ఆరు అడుగులు రాసుకుని ఇంటికెళ్తారు. పాటవాళ్ల తరగతిలో గంటంతా ఒక్క అడుగే, అదీ సరిగ్గా రాదు, కానీ నవ్వుతూ బయటికొస్తారు. మూడోవాళ్లూ ఉన్నారు, ముందు జంట వద్దు, ఒంటరిగా ఒళ్లు కదపడం నేర్చుకో, తర్వాత చెయ్యి పట్టుకో అనేవాళ్లు. నా ఓటు పాటవాళ్లకే. లెక్క ఊతకర్ర. కాలు విరిగినవాడికి తప్పనిసరి, నడక వచ్చాక కూడా పట్టుకుతిరిగితే అది రెండో జబ్బు.

అయితే ఆ తరగతులన్నిట్లో ఒక పద్ధతి ఉంది, అది నాకు భలే నచ్చింది. మూడు నాలుగు నిమిషాలకోసారి జంటలు మారిపోవాలి. భార్యాభర్తలైనా సరే, విడిపోయి పక్కవాళ్లతో ఆడాలి. కొత్తవాడికి కాసేపు బాగా వచ్చినావిడ చెయ్యి దొరుకుతుంది. ఆ చెయ్యి ఏమీ చెప్పకుండానే చాలా చెప్తుంది. వరస చివర ఆ పిల్లకి దొరికిన చెయ్యే, ఫీజు కట్టి తెచ్చుకున్నారు.

స్వీడన్‌లో హెర్రెంగ్ అని చిన్న పల్లె. 1982 నుంచి వేసవిలో అక్కడ స్వింగ్ శిబిరం జరుగుతోంది. మానింగ్ ముసలితనంలో ఏళ్లతరబడి అక్కడికి వెళ్లి నేర్పాడు. 1989లో బ్రాడ్వే సంగీత ప్రదర్శనకి కూర్చిన నృత్యాలకి టోనీ అవార్డు అందుకున్నాడు. 2009లో, 95వ పుట్టినరోజుకి నెల రోజుల ముందు పోయాడు. సవాయ్‌లో ఆయన తోటి ఆటగత్తె నార్మా మిల్లర్ 2019లో, 99 ఏళ్ల వయసులో పోయింది. నేర్చుకోవడానికి బడి లేనివాళ్లే ప్రపంచానికి బడి పెట్టి వెళ్లారు.

*కర్ర, రాయి, నెమలి టోపీ*

మన గురువుల సంగతి. కూచిపూడి మాస్టారు పీట మీద కూర్చుని తట్టుకర్రతో చెక్కపలక మీద కొడతాడు. నోట్లో సొల్లుకట్టు, కళ్లు పిల్లల మోకాళ్ల మీద. అది లెక్కా పాటా కలిసిన పద్ధతి. దాని గొప్ప దానికుంది. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ చేసింది ఇంకో వింత. పేరిణి అనే పాత నృత్యం ఆడేవాడే మిగలకపోతే రామప్ప గుడి స్తంభాల మీది బొమ్మల్నీ, కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళినీ దగ్గర పెట్టుకుని ఆటని తిరిగి అల్లాడు. రాయి గురువయింది. జాయప పుస్తకంలో సగం దేశి నృత్యాలకే. అందులో గొండలి అనే ఆట ఉంది. భిల్ల స్త్రీ వేషంతో ఆడిన ఆటని కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు చూసి ముచ్చటపడి ఆదరించాడని చెప్తాడు. కొలువుకూటం అడవి దగ్గర నేర్చుకున్నదన్న మాట ఏడున్నర వందల ఏళ్ల కిందటే మనవాడొకడు రాసిపెట్టాడు. మనమే తిరగేసి చదువుకుంటున్నాం.

కనక రాజు పేరు ఇక్కడ చెప్పాలి. ఆసిఫాబాద్ జిల్లా మర్లవాయి ఆయనది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర మకాం పెట్టిన ఊరు. దీపావళి దండారీలో రాజ్‌గోండులు ఆడే గుస్సాడీని ఆయన ఢిల్లీదాకా మోశాడు, వందలమంది కుర్రాళ్లకి నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళి ఇంకా వారం ఉందనగా కన్నుమూశాడు. నెమలి ఈకల టోపీ నెత్తిన పెట్టాక ఆడేవాడు మామూలు మనిషి కాడు, దేవుడి మనిషి. ఆ నియమాలు తెలియకుండా అడుగు ఒక్కటీ తెలిస్తే అది గుస్సాడీ అవదు. కనక రాజు లాంటివాళ్ల బోధనలో అడుగు చివరి పాఠం. మొదటిది ఒళ్లు ఎలా అట్టిపెట్టుకోవాలన్నది.

బస్తర్‌లో ఆట బడి అనగానే అందరూ గోటుల్ అంటారు. నారాయణ్‌పూర్, కొండగావ్ వైపు మురియా యువతీయువకుల రాత్రి ఇల్లు అది. వెరియర్ ఎల్విన్ 1947లో దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు. అబ్బాయిలు చెలిక్, అమ్మాయిలు మోతియారి. పనికి ఎగనామం పెడితే జరిమానా, పెద్దవాళ్ల దగ్గర చిన్నవాళ్లు పాటా ఆటా పట్టుకోవడం దాని తీరు. దాన్ని పెట్టిన లింగో పద్దెనిమిది వాయిద్యాలు ఒక్కడే వాయించాడని కథ. కొంటా వైపు ఆ గోటుల్ లేదు. ఇక్కడ వాకిలే బడి.

*డోలు కళ్లు*

పెళ్లి రాత్రి నేను గమనించింది ఇంకోటుంది. డోలు వాయించేవాళ్లు వరసకేసి చూస్తూ వాయిస్తారు. పిల్లలెక్కువ చేరి చివర కాళ్లు చిక్కుపడుతుంటే దరువు కాస్త మందగిస్తుంది. కుదురుకున్నాక మళ్లీ ఊపందుకుంటుంది. సవాయ్‌లోనూ అంతే. చిక్ వెబ్ అని గూని ఉన్న పొట్టి మనిషి, డ్రమ్స్ వెనక కూర్చుంటే ఊరు కదిలేది. 1937 మేలో బెన్నీ గుడ్‌మన్ అంతటివాడి బ్యాండుకి ఎదురు నిలిచి, ఆ హాల్లో జనం తీర్పుతో నెగ్గాడు. ఆయన దరువు ఆడేవాళ్ల కాళ్లని చూసి పుట్టేది, వాళ్ల కాళ్లు ఆయన దరువు విని లేచేవి. గురువు లేడు అన్నాను గానీ, ఉన్నాడు. సగం చేతి పట్టులో, సగం డోలులో.

ఇప్పుడు పెళ్లిళ్లకి డీజే పెట్టె వస్తోంది. దాని గురించి ఏడ్చేవాళ్లలో నేను లేను. కుర్రకారుకి సరదా, పెట్టెవాడికి బతుకు. కానీ డీజే పెట్టెకి కళ్లు లేవు. చివర ఆరేళ్ల పిల్ల ఉందో లేదో దానికి తెలీదు. అది ఎవరికోసమూ మందగించదు.

చివర పిల్లలే తగ్గిపోతున్నారన్నది ఇంకా పెద్ద సంగతి. 2005లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వా జుడుం మొదలయ్యాక కొంటా, ఎర్రబోర్, దోర్నపాల్‌లలో శిబిరాలు వెలిశాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎంతోమంది శబరి దాటి చింతూరు, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వా జుడుంని తప్పుబట్టేదాకా, ఆ తర్వాత కూడా, రాత్రిపూట డోలు మోగించడానికి ధైర్యం చాలని ఏళ్లు చాలా నడిచాయి. రేలా బాణీలో అడవిలోవాళ్లు వాళ్ల రాజకీయం పాడించారు, సర్కారు దాని ప్రచారం పాడించింది. సగం మంది లేని వరసలో మధ్యవాళ్లు ఉన్నారు, చివరివాళ్లు లేరు. పిల్లలు పోర్టా కేబిన్ బడుల్లో చేరారు. వెదురు తడికలతో కట్టిన ఆ ఆశ్రమ బడులే చాలామందికి అక్షరం ముక్క ఇచ్చాయి, కాదనను. కానీ పెళ్లిళ్ల రోజుల్లో పిల్ల ఊళ్లో ఉండదు. పంద్రాగస్టుకి అక్కడ గ్రూప్ డాన్స్ నేర్పుతారు. ఏక్, దో, తీన్, చార్. సినిమా పాట, స్పీకరు, ఎదుట కుర్చీల్లో అతిథులు.

ఆ కుర్చీలే ఆట తీరు మార్చేశాయి. 2019 డిసెంబరులో రాయ్‌పూర్‌లో జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం మొదలుపెట్టారు. 2025లో బస్తర్ పండుం పేరుతో బ్లాకు స్థాయినుంచి పోటీలు జరిపారు. పల్లెటూరి జట్టుకి మైకు, బహుమతి, నలుగురిలో గుర్తింపు దొరకడం మంచిదే. అయితే వేదిక మీద గుండ్రం కుదరదు. అతిథుల వైపు వీపు పెట్టకూడదు గనక వరస విచ్చుకుని ముందుకి తిరుగుతుంది. జట్టుకింతమంది అన్న లెక్క ఉంటుంది, ఆ లెక్కలో చివర వేలాడే పిల్లకి చోటుండదు. పది నిమిషాల్లో ముగించాలి గనక ఊపు అందుకునేలోపే చప్పట్లు. అక్కడ మొదటిసారి ఆటకి మాస్టారు పుట్టుకొస్తాడు, ఎవరెక్కడ నిలబడాలో చెప్పడానికి. ఆయన తప్పేం లేదు. ఆయన నేర్పేది ప్రదర్శన. ఆడటం వేరే పని.

సర్కారు ఖర్చు పెట్టాలనుకుంటే నాదొక సలహా. బహుమతుల డబ్బుల్లో కొంత డోళ్లు చేసేవాళ్లకి, కొంత ఊళ్లో వాయించే ముసలివాళ్లకి ఇవ్వండి. పెళ్లిళ్ల రోజుల్లో ఆశ్రమ బడి పిల్లలకి నాలుగు రోజులు సెలవివ్వండి. ఊరికే పంపండి, ప్రాజెక్టు రాయమనకండి.

ఇక మీకు. వేసవిలో భూమి పండగకి, కోయల మాటలో విజ్జ పండుంకి, మగవాళ్లు వేటకి పోతే చింతూరు, కూనవరం దారుల్లో ఆడవాళ్లు తాడు అడ్డంపెట్టి బండ్లు ఆపుతారు. పాడతారు, ఆడతారు, పండగ చందా అడుగుతారు. కార్లలో వెళ్లేవాళ్లు అద్దం రెండంగుళాలు దించి పది రూపాయలు పడేసి, ఫోన్‌లో వీడియో తీసుకుని పోతుంటారు. ఈసారి ఫోను బండిలోనే పెట్టి దిగండి. డబ్బులివ్వండి, వంద ఇస్తే ఇంకా మంచిది. ఇచ్చి, వరస చివరికి వెళ్లి చెయ్యి చాపండి. కాళ్లకేసి మాత్రం చూసుకోకండి.